ముందు కన్ను, తరవాత చెయ్యి

ఈ వ్యాసం రాయడానికి నీకున్న అర్హత ఏమిటని మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను ఎలక్ట్రానిక్సు విద్యార్థిని కాను, బి.ఏ. వాణ్ణి. నాకున్న అర్హతల్లా ఒక్కటే: నిక్షేపంలాంటి ఒక రౌటరును నా చేతులతో నేనే తగలబెట్టాను. ఎలా తగలబెట్టానో తెలుసుకోవడానికి చేసిన ప్రయత్నంలో నాలుగు విషయాలు తెలిశాయి. అవి మన కాలేజీలో సైన్సు చదవని వాళ్ళకు, చదివి కూడా స్క్రూడ్రైవరు పట్టని వాళ్ళకు ఉపయోగపడతాయని ఈ సాహసం.

ఆ రోజు సాయంత్రం శంషాబాద్‌లో మా ఇంట్లో కరెంటు పోయి వచ్చింది. కరెంటు వచ్చింది గాని ఇంటర్నెట్టు రాలేదు. రౌటరు మీద ఒక్క దీపమూ వెలగడం లేదు. మా చెల్లెలి స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు ఆ రాత్రితో గడువు ముగుస్తుంది. నేను పెద్ద తెలిసినవాడిలాగా "అడాప్టరు పోయింది" అని తీర్మానించేసి, టీవీ కింద ఉన్న సెట్‌టాప్ బాక్సు అడాప్టరును లాగి రౌటరుకు పెట్టాను. పిన్ను సరిగ్గా పట్టింది. పట్టింది కదా, పనికొస్తుంది అనుకున్నాను. ఒక్క క్షణం దీపాలన్నీ వెలిగాయి. ఆ వెంటనే కమురు వాసన. అంతే! రౌటరు మీద "5 వోల్టులు" అని ఉంది. నేను పెట్టిన అడాప్టరు మీద "12 వోల్టులు" అని ఉంది. రెండూ తెలుపు మీద బూడిదరంగు అక్షరాలు. రెండూ నేను చదవలేదు.

నాన్న ఏమీ అనలేదు. అమ్మ మాత్రం, "గంత చదువు చదివినవు, గా డబ్బ మీద ఏం రాసున్నదో చదవరాలేదా?" అన్నది. ఈ వ్యాసంలో నేను చెప్పబోయేది మొత్తం అమ్మ అన్న ఆ ఒక్క మాటే.

మర్నాడు కోఠీ వెళ్ళాను. ఆరాంఘర్ దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకొక బస్సు. కోఠీలో గుజరాతీ గల్లీ సంగతి తెలియని హైదరాబాదు ఎలక్ట్రానిక్సు మనిషి ఉండడు. రెసిస్టరు మొదలు స్పీకరు దాకా అన్నీ ఆ సందుల్లో దొరుకుతాయి. అసలు మన నగరానికి ఈ విద్య కొత్తేమీ కాదు. 1967లోనే ఇక్కడ ఈ.సి.ఐ.ఎల్. ఏర్పడింది. మన దేశంలో తయారైన తొలి కంప్యూటర్లలో ఒకటైన టి.డి.సి.-12, 1969 నాటిది, ఆ సంస్థ పేరుతోనే ముడిపడి ఉంది. ఒకప్పుడు మన తాతల ఇళ్ళలో ఈ.సి. టీవీ అంటే అదొక గౌరవం. అటువంటి ఊళ్ళో పుట్టి నేను దుకాణదారు ముందు నిలబడి "అన్నా, రౌటరుకు అడాప్టర్ కావాలె" అన్నాను. ఆయన తల ఎత్తకుండానే, "వోల్టు ఎంత? ఆంపియర్ ఎంత? సన్న పిన్నా, దొడ్డు పిన్నా? లోపల ప్లస్సా, బయట ప్లస్సా?" అని నాలుగు ప్రశ్నలు వేశాడు. నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. "పాతది తీస్కరా తమ్మీ" అన్నాడు. నేను అంత దూరం వట్టి చేతులతో వెళ్ళానన్నమాట!

ఆ నాలుగు ప్రశ్నలే ఈ విద్యకు ఓనమాలు. ఒక్కొక్కటే చూద్దాం.

వోల్టు అంటే ఒత్తిడి. మేడ మీద నీళ్ళ ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే కింద కుళాయిలో నీళ్ళు అంత జోరుగా పడతాయి కదా, ఆ ఎత్తులాంటిది వోల్టేజి. ఆంపియరు అంటే ఆ గొట్టంలో నిజంగా పారే నీరు. ఈ రెండింటినీ హెచ్చవేస్తే వచ్చేది వాట్లు, అంటే పని జరిగే వేగం. అడాప్టరు మార్చేటప్పుడు వోల్టులు కచ్చితంగా సమానంగా ఉండాలి. 5 అంటే 5, 12 అంటే 12. ఇక్కడ సర్దుబాటు లేదు.

ఆంపియర్ల సంగతి వేరు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. 1 ఆంపియరు రౌటరుకు 2 ఆంపియర్ల అడాప్టరు పెడితే కాలిపోతుందని భయపడతారు. కాలదు. అడాప్టరు మీద రాసిన ఆంపియర్లు అది ఇవ్వగలిగినది మాత్రమే. ఎంత తీసుకోవాలో నిర్ణయించేది రౌటరు. పదిమందికి వండిన ఇంట్లో ఒక్కరు భోజనానికి కూర్చుంటే పదిమంది తిండీ ఆయన పొట్టలోకి పోదు. అదే తిరగేసి, పదిమంది కూర్చుంటే ఒక్కరికే వండినట్టయితే కష్టం. 2 ఆంపియర్లు కావలసిన పరికరానికి అర ఆంపియరు అడాప్టరు పెడితే అది వేడెక్కుతుంది, పరికరం ఆగి ఆగి పనిచేస్తుంది. కనుక ఆంపియర్లు సమానంగా గాని, ఎక్కువగా గాని ఉండవచ్చు.

ఇక లోపల ప్లస్సా బయట ప్లస్సా అన్నది. అడాప్టరు మీద ఒక చిన్న బొమ్మ ఉంటుంది: మధ్యలో చుక్క, దాని చుట్టూ తెగిన వలయం, అటూ ఇటూ ప్లస్సు మైనసు గుర్తులు. చుక్క ఏ గుర్తుకు కలిసి ఉంటే పిన్ను లోపలి భాగం అదన్నమాట. పరికరం మీద కూడా ఇదే బొమ్మ ఉంటుంది. రెండూ ఒకటే కావాలి. వోల్టుల అంకె పక్కన అలలాంటి గీత ఉంటే ఏసీ. ఒక నిండు గీత, దాని కింద మూడు ముక్కల గీత ఉంటే డీసీ. పిన్ను పట్టడం అనేది అన్నిటికంటె చివర చూడవలసిన విషయం. నేను మొదట చూసింది అదే.

మరి ఫోనుకు ఎవరి చార్జరు పెట్టినా కాలడం లేదేం, అని మీరు అడగవచ్చు. యు.ఎస్.బి. సి-రకం చార్జరూ ఫోనూ ముందు మాట్లాడుకుంటాయి. మొదట 5 వోల్టులే వస్తాయి. ఫోను "నేను తట్టుకోగలను" అని సంకేతం పంపితేనే చార్జరు 9కో, ల్యాప్‌టాప్ అయితే 20కో పెంచుతుంది. గుండ్రటి పిన్ను అడాప్టర్లకు ఈ మర్యాద లేదు. పెట్టిన వెంటనే ఉన్నదంతా ఇచ్చేస్తాయి.

ఇంత చెప్పాక మన ఊరి గురించి ఒక మాట చెప్పాలి. 2008 మార్చి 23న బేగంపేట నుంచి విమానాలు మన శంషాబాద్‌కు వచ్చాయి. అప్పటినుంచి మన రోడ్డు మీదుగా తెలుగు దేశమంతా సూట్‌కేసులతో అమెరికా పోతూనే ఉంది. ఎమ్మెస్ చదువుకు వెళ్ళే పిల్లల పెట్టెల్లో ఆవకాయ, ప్రెషర్ కుక్కరు, వాటితోపాటు అన్నం వండే ఎలక్ట్రిక్ కుక్కరు, మిక్సీ కూడా ఉంటాయి. మా పెదనాన్న కొడుకు వెళ్ళేటప్పుడు మా పెద్దమ్మ ఇస్త్రీపెట్టె కూడా సర్దింది. ఇక్కడ కూడా చిన్నక్షరాలే చదవాలి. మన గోడలో 230 వోల్టులు, సెకనుకు 50 చక్రాలు. అమెరికా గోడలో 120 వోల్టులు, 60 చక్రాలు.

ల్యాప్‌టాప్, ఫోను చార్జర్ల మీద "ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటుంది. అలా ఉంటే ప్రపంచంలో ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. పిన్ను ఆకారం మార్చే చిన్న ముక్క ఒకటి చాలు. అన్నం కుక్కరు మీద మాత్రం "230 వోల్టులు" అని ఒకటే అంకె ఉంటుంది. దాన్ని అక్కడ పెడితే కాలదు, కాని ఉడకదు. లోపలి తీగ అదే. ఒత్తిడి సుమారు సగమైతే పారేదీ సగమే. సగాన్ని సగంతో హెచ్చవేస్తే పావు. 700 వాట్ల కుక్కరు అక్కడ సుమారు 190 వాట్లే ఇస్తుంది. బియ్యం నానుతాయి గాని అన్నం కాదు! అదే అక్కణ్ణుంచి 120 వోల్టుల వస్తువును ఎవరైనా ప్రేమతో తెచ్చి ఇక్కడ పెడితే లెక్క తిరగబడుతుంది, మూడున్నర రెట్లకు పైగా వేడి. అది కాలుతుంది. పిన్ను మార్చే ముక్క వోల్టేజిని మార్చదని గుర్తుంచుకోవాలి. అది మార్చేది ట్రాన్స్‌ఫార్మరు, బరువుగా ఇటుకలాగా ఉంటుంది. అక్కడి కోసమే తయారుచేసిన 110 వోల్టుల మిక్సీలు మన దుకాణాల్లో విడిగా దొరుకుతాయి. మా పెద్దమ్మ సర్దిన ఇస్త్రీపెట్టె గురించి తరవాత ఫోనులో అడిగితే, "చొక్కాలకు వెచ్చగా ఉంటుంది" అన్నాడు అన్నయ్య.

విమానాశ్రయంలోనే ఇంకొక లెక్క ఉంది, అది పవర్ బ్యాంకుది. దీన్ని చెకిన్ సామానులో వెయ్యకూడదు, చేతి సంచిలోనే ఉంచుకోవాలి. 100 వాట్-అవర్ల దాకా అనుమతి అక్కరలేదు, 100 నుంచి 160 దాకా విమాన సంస్థ అనుమతి కావాలి, ఆపైన అసలు కుదరదు. మనం కొన్నప్పుడు డబ్బా మీద చూసింది మిల్లీ ఆంపియర్-అవర్లు. రెండింటికీ పొత్తు ఎలా? లోపలి లిథియం బ్యాటరీ వోల్టేజి సాధారణంగా 3.7. కాబట్టి 20,000 మిల్లీ అంటే 20 ఆంపియర్-అవర్లు, ఇంటూ 3.7, మొత్తం 74 వాట్-అవర్లు. నిశ్చింతగా వెళ్ళవచ్చు. 27,000 దగ్గరికి వస్తే 100 అంచున ఉన్నట్టు. మీద అంకెలు చెరిగిపోయినా, అసలు లేకపోయినా తనిఖీలో ఆపేస్తారు, వాదించి లాభం లేదు.

ఇంత పట్టుదల ఎందుకో చూడండి. లిథియం బ్యాటరీ అంటుకుంటే తన వేడితో తానే మండుతూ పోతుంది. మన చేతి దగ్గర ఉంటే పొగ కనిపిస్తుంది, సిబ్బంది నీళ్ళు పోస్తారు. కింద సామాను గదిలో ఉంటే చూసేవాళ్ళు లేరు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలో గింహే విమానాశ్రయంలో ఎయిర్ బుసాన్ విమానం బయలుదేరబోయే ముందు మంటల్లో చిక్కుకుంది. నేల మీదే ఉంది కనుక లోపలి 176 మందీ బయటపడ్డారు. పైన సామాను అరలో ఉన్న ఒక పవర్ బ్యాంకే కారణమై ఉండవచ్చునని దర్యాప్తు అధికారులు మార్చి నెలలో ప్రకటించారు. ఇంట్లో మీ ఫోను వెనకభాగం ఉబ్బిందా, పవర్ బ్యాంకు బూరెలాగా పొంగిందా, ఇక దాన్ని చార్జి చెయ్యకండి. సూదితో గుచ్చి గాలి తీద్దామనే మహానుభావులున్నారు. అది గాలి కాదు, మండే వాయువు.

ఇక విమానాశ్రయం గోడ దాటి మన గదుల్లోకి వద్దాం. మన చుట్టుపక్కల అద్దె గదులు ఎలా ఉంటాయో మీకు తెలుసు. షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్ళు, మనలాంటి చదువుకునేవాళ్ళు ముగ్గురు నలుగురు కలిసి ఒక గది. గదికి ఒకటో రెండో ప్లగ్గులు. దానికి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు. ఆ బోర్డు మీద ఫోను చార్జర్లు నాలుగు, చలికాలం వస్తే నీళ్ళు కాచుకునే హీటరు రాడ్డు, ఆదివారం ఇండక్షన్ పొయ్యి. ఈ వ్యాసంలో ఒక్క పేరా మాత్రమే చదివే ఓపిక మీకుంటే ఇదే చదవండి.

చిన్న ప్లగ్గు మీద "6 ఆం." అని ఉంటుంది, పెద్దదాని మీద "16 ఆం." అని. 6ను 230తో హెచ్చవేయండి: 1,380 వాట్లు. హీటరు రాడ్డు మీద చూడండి, మామూలుగా 1,500 వాట్లు ఉంటుంది. అంటే రాడ్డు ఒక్కటే చిన్న ప్లగ్గు హద్దు దాటిపోయింది. దానికి తోడు 2,000 వాట్ల ఇండక్షన్ పొయ్యి అదే బోర్డు మీద పెడితే మొత్తం 3,500 వాట్లు, సుమారు 15 ఆంపియర్లు, 6 ఆంపియర్ల తీగలో! తీగలో పుట్టే వేడి ఆంపియర్లతో సమంగా పెరగదు. ఆంపియర్లు రెట్టింపైతే వేడి నాలుగింతలు. రెండున్నర రెట్లయితే ఆరింతలు. బోర్డు ముట్టుకుంటే వెచ్చగా ఉన్నా, ప్లాస్టిక్ పసుపుపచ్చగా మారినా, చేపల వాసనలాంటిది వచ్చినా అది హెచ్చరిక.

ఎం.సి.బి. ఉంది కదా, పడిపోతుంది కదా అంటారు. ఎం.సి.బి. పుట్టింది తీగను కాపాడటానికి, మనిషిని కాపాడటానికి కాదు. 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి మీ ఒంట్లోంచి పోయే కరెంటు లెక్కలోకే రాదు, ఎందుకంటే ఆంపియరులో పదోవంతు కన్నా తక్కువే గుండెను ఆపగలదు. మనిషిని కాపాడేది వేరే ఉంది, ఆర్.సి.సి.బి. అంటారు. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో అంతా తిరిగి వచ్చిందా అని అది లెక్క చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే, "ఎవరి ఒంట్లోంచో భూమిలోకి పోతున్నది" అన్నట్టు రెప్పపాటులో తెంపేస్తుంది. మీ మెయిన్ బోర్డులో కాస్త వెడల్పాటి స్విచ్చు, దాని మీద "టి" అక్షరంతో చిన్న బొత్తాము ఉంటే అదే. నెలకొకసారి ఆ బొత్తాము నొక్కండి. కరెంటు పోవాలి. పోకపోతే అది చచ్చిపోయిన కాపలాదారు. అసలు లేకపోతే ఇంటి ఓనరును అడగండి. కొత్త గది అద్దెకు తీసుకునేటప్పుడు నీళ్ళు వస్తాయా అని అడుగుతాం గాని ఈ మాట ఎవ్వరమూ అడగం.

రాడ్డు బకెట్లో ఉండగా నీళ్ళు కాగాయా అని వేలు పెట్టి చూడడం మన వాళ్ళకున్న అలవాటు. ముందు స్విచ్చు ఆపాలి, తరవాత ప్లగ్గు పీకాలి, ఆ తరవాతే వేలు. ఎవరికైనా షాకు తగిలి అతుక్కుపోతే చేత్తో లాగకండి, మీరూ అతుక్కుంటారు. మెయిన్ ఆపండి, అది అందకపోతే పొడి కర్రతో వేరు చెయ్యండి, 108కి ఫోను చెయ్యండి.

ఇప్పుడు ఒక ఆయుధం గురించి చెప్తాను. కోఠీలో మూడు నాలుగు వందలు పెడితే అంకెలు చూపించే మల్టీమీటరు వస్తుంది. నేను రెండోసారి కోఠీ వెళ్ళినప్పుడు అడాప్టరుతోపాటు అదీ కొన్నాను. దానికి మూడు రంధ్రాలుంటాయి. నల్ల తీగ "కామ్" అన్నదాంట్లో, ఎర్ర తీగ వోల్టులు-ఓములు అన్నదాంట్లో. "10 ఆం." అనే మూడో రంధ్రం జోలికి కొత్తవాళ్ళు పోవద్దు. ఎర్ర తీగ అందులో ఉండగా ఆ కొనలు గోడ ప్లగ్గులో పెడితే అది కొలత కాదు, షార్ట్ సర్క్యూట్. మొదటి ఆరు నెలలు గోడ ప్లగ్గులో అసలు పెట్టకండి. అడాప్టర్లు, సెల్లులు, తీగలు, వీటితో ఆడుకోండి, చాలు.

డీసీ 20 అన్న గుర్తు దగ్గర తిప్పి పెన్సిల్ సెల్లుకు తాకించండి. కొత్తదైతే 1.5 పైన చూపిస్తుంది. 1.2కు దిగితే గోడ గడియారం వెనకబడుతుంది. గడియారాన్ని తిట్టుకోవద్దు. బీప్ మనే గుర్తు దగ్గర పెట్టి తీగ రెండు చివర్లూ తాకిస్తే, తీగ బాగుంటే కూస్తుంది, లోపల తెగితే కూయదు. ఇయర్‌ఫోన్ వైర్లు, ఫ్యూజులు అన్నీ ఇలాగే. టీవీ రిమోటు పనిచేస్తున్నదో లేదో చూడటానికి మీటరు కూడా అక్కరలేదు: ఫోను ముందువైపు కెమెరా తెరిచి, రిమోటు కొన దానికి చూపించి బొత్తాము నొక్కండి. మన కంటికి కనపడని పరారుణ కాంతి చాలా కెమెరాలకు కనపడుతుంది, మిణుకుమంటుంది.

ఫ్యాను నెమ్మదిగా తిరుగుతున్నదంటే చాలాసార్లు పోయింది మోటారు కాదు, రెండున్నర మైక్రోఫారడ్ల చిన్న కండెన్సరు. మెయిన్ ఆపి, తెలిసినవాళ్ళ చేత మార్పించండి. "మొత్తం వైండింగు చెయ్యాలి" అని ఎవరైనా అంటే, "ముందు కండెన్సరు మార్చి చూడన్నా" అనండి. ఈ ఒక్క మాటకు ఈ సంచిక ఖరీదు గిట్టుబాటు అవుతుంది. కాని చార్జరు గాని, టీవీ గాని, కంప్యూటరు పవర్ సప్లై గాని విప్పకండి, ప్లగ్గు తీసేశాక కూడా. వాటి లోపలి కండెన్సరులో సుమారు 325 వోల్టులు కాసేపు దాక్కుని ఉంటాయి.

మీటరు ఇంటికి తెచ్చాక నేను మొదట పరీక్షించింది పాత రౌటరు అడాప్టరును, అదే "పోయింది" అని నేను తీర్మానించినదాన్ని. 5.1 వోల్టులు చూపించింది. బంగారంలా ఉంది! మరి ఆ రోజు దీపాలు ఎందుకు వెలగలేదు? ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఆ ఒక్క రంధ్రం వదులైపోయింది, పిన్ను ఆనడం లేదు. పక్క రంధ్రంలో పెట్టి ఉంటే సరిపోయేది. పక్క రంధ్రంలో! రౌటరు ఏ తప్పూ చెయ్యలేదు.

అందుకే లోపం వెతకడంలో ఒక పద్ధతి ఉంది. గోడ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి, ఒక్కసారి ఒక్కటే మార్చాలి. రెండు మార్చి చూస్తే బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు. కంప్యూటరుకూ ఇదే వర్తిస్తుంది. ఇంటర్నెట్టు రాలేదంటే లోపం మూడు చోట్ల ఉండవచ్చు: మీ కంప్యూటరు, మీ రౌటరు, బయటి లైను. అదే వైఫైకి ఫోను కలిపి చూడండి. ఫోనులో వస్తే రౌటరూ లైనూ మంచివే, కంప్యూటరును చూడాలి. ఫోనులోనూ రాకపోతే కంప్యూటరును ముట్టుకోవద్దు. ఒక్క నిమిషంలో సగం అనుమానం తీరిపోయింది.

కంప్యూటరు మొరాయిస్తే ఆపి మళ్ళీ పెట్టమంటారు, అది మంత్రం కాదు. గంటల తరబడి పేరుకున్న తాత్కాలిక చెత్త మెమరీలోంచి తుడిచిపెట్టుకుపోతుంది. అయితే ఇటీవలి విండోస్‌లో ఒక కిటుకుంది. "షట్‌డౌన్" అంటే చాలా యంత్రాల్లో పూర్తిగా ఆగదు. మళ్ళీ త్వరగా లేవడానికి కొంత సంగతి దాచుకుంటుంది. "రీస్టార్ట్" అంటేనే పూర్తిగా కడుగుతుంది. తెర మీద ఏదైనా ఎర్రక్షరాల సందేశం వస్తే భయపడి "ఓకే" నొక్కేయకండి. చదవండి. అర్థం కాకపోతే ఫోనుతో ఫొటో తీసుకోండి. "ఏదో వచ్చింది అన్నా, పోయింది" అంటే దేవుడు కూడా బాగుచెయ్యలేడు.

ఆ రోజు రౌటరు కాలాక చెల్లెలిని తీసుకుని బస్టాండు వైపు ఒక నెట్ సెంటరుకు పరుగెత్తాను. అక్కడ మొదట ఫొటో దగ్గర ఆగిపోయింది: "100 కె.బి. మించరాదు." ఫోనులో తీసిన ఫొటో 3 ఎం.బి. ఉంది. ఎం.బి. అంటే సుమారు వెయ్యి కె.బి.; అంటే ముప్పై రెట్లు పెద్దది. ఫొటో కొలతలు, 4,000 చుక్కల వెడల్పు 600కు తగ్గిస్తే బరువు దానంతటదే పడిపోతుంది, పాస్‌పోర్టు సైజుకు అది చాలు. (ఇంటర్నెట్టు వేగం చెప్పేటప్పటి "మెగాబిట్" వేరు సుమా! ఎనిమిది బిట్లయితే ఒక బైటు. 40 మెగాబిట్ల లైనంటే సెకనుకు 5 మెగాబైట్లే.) తొమ్మిదిన్నరకు దరఖాస్తు వెళ్ళింది. హమ్మయ్య అని ఇంటికొచ్చాం.

మర్నాడు కోఠీ బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది. ఆధారు, ఆదాయ సర్టిఫికెట్టు, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ మెయిల్లోంచి దించి, ఆ యంత్రం "డౌన్‌లోడ్స్"లోనే వదిలేశాం. మెయిల్లోంచి బయటకు కూడా రాలేదు. సాయంత్రం వెళ్ళి చూస్తే అన్నీ అక్కడే ఉన్నాయి, మావే కాదు, ఎవరెవరివో పదుల కొద్దీ ఆధారు కాపీలు. నెట్ సెంటరు యజమాని తప్పేమీ లేదు, ఎవరివి వాళ్ళు తుడుచుకోవాలి. మీరు ఇలాంటి చోట కూర్చుంటే ఇన్‌కాగ్నిటో కిటికీ తెరవండి, "పాస్‌వర్డు గుర్తుంచుకోనా?" అంటే వద్దనండి, లేచేటప్పుడు దించిన ఫైళ్ళను షిఫ్టు పట్టుకుని డిలీట్ నొక్కండి, లాగౌట్ అవండి. ఆ రాత్రే ఇంటికొచ్చి చెల్లెలి పాస్‌వర్డు మార్చి, మిగతా యంత్రాలన్నిటిలోంచీ లాగౌట్ చేసే మీట నొక్కాను. అటువంటి మీట మెయిల్ సెట్టింగుల్లో ఉంటుంది.

డబ్బు మాట కూడా చెప్పాలి. స్కాలర్‌షిప్పు పడిందని, పిన్ను కొట్టమని ఎవరైనా ఫోను చేస్తే నమ్మకండి. యు.పి.ఐ.లో పిన్ను కొట్టేది డబ్బు పంపడానికే, రావడానికి పిన్ను అక్కరలేదు. మోసపోయారని తెలిసిన క్షణమే 1930కి ఫోను చెయ్యాలి. ఎంత ఆలస్యమైతే డబ్బు అంత దూరం పోతుంది.

ప్రాజెక్టు రికార్డు ఒక్క పెన్‌డ్రైవులో పెట్టుకుని తిరిగేవాళ్ళకు ఒక మనవి. కనీసం రెండు చోట్ల ఉంచండి, ఒకటి మెయిల్లోనో, నెట్టులోనో. పెన్‌డ్రైవులో తుడిచినది మామూలుగా చెత్తబుట్టలోకి పోదు, నేరుగా పోతుంది. కాపీ అయిపోయినట్టు కనిపించినా కొంత ఇంకా మెమరీలోనే ఉండవచ్చు. అందుకే "ఎజెక్ట్" చేసి తియ్యమనడం. 4 జి.బి. దాటిన వీడియో ఎక్కనంటే పెన్‌డ్రైవు పాడైందని పారెయ్యకండి. అది పాత ఫ్యాట్-32 పద్ధతిలో ఉంది. లోపలివి వేరే చోట దాచుకుని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే ఎక్కుతుంది.

చివరగా మన సంపాదక వర్గం గోడు. ఈ సంచికకు మిత్రులు పంపిన రచనల్లో కొన్ని తెరిచి చూస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపించాయి. రచయితల తప్పు కాదు. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. పాత డీటీపీ తెలుగు ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల అంకెల మీదే తెలుగు బొమ్మలు అంటించారు. ఆ ఫాంటు లేని యంత్రంలో అంటించిన బొమ్మ ఊడి, కింది ఇంగ్లీషు బయటపడుతుంది. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే మన లిపికి సొంత గడులు ఇచ్చారు, మొత్తం 128. "అ"కు 3077, "క"కు 3093. ఈ అంకెలు ఏ దేశంలో ఏ యంత్రం తెరిచినా తెలుగే. ఫోనులో మనం కొట్టే తెలుగు యూనికోడే. కనుక వచ్చే ఏడు మీ కథలూ కవితలూ ఫోనులో కొట్టి పంపినా చాలునని సంపాదకుడు చెప్పమన్నాడు.

మా ఇంట్లో ఇప్పుడు ప్రతి అడాప్టరుకూ తెల్ల కాగితం ముక్క అంటించి ఉంటుంది: "రౌటరు, 5 వో.", "టీవీ డబ్బా, 12 వో." అక్షరాలు చెల్లెలివి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద వదులైన ఆ రంధ్రానికి కూడా అడ్డంగా ఒక ముక్క అంటించింది. కొత్త బోర్డు కొనాలి, ఈ నెలాఖరుకు.